అరవై ఓములు, ఒక బోల్టు, మన నెట్‌వర్క్స్ సిలబస్

కారు మీటర్ బోర్డులో ఏదో లైటు వెలుగుతుంది. స్కానర్ పెడతారు, కోడ్ వస్తుంది. కోడ్‌లో ఏ పార్టు పేరుంటే ఆ పార్టు మార్చేసి బిల్లు చేతిలో పెడతారు. ఈమధ్య దీన్నే "డయాగ్నసిస్" అంటున్నారు. నా దృష్టిలో అది డయాగ్నసిస్ కిందకి రాదు. ఇంకో మాట కూడా ఉంది: ఈ గొడవని మెకానికల్ బ్రాంచ్ వాళ్ళకో ఆటోమొబైల్ వాళ్ళకో వదిలేసి మనం చేతులు దులుపుకోకూడదు, ఎందుకంటే ఇది అచ్చంగా సీఎస్ఈ సమస్య. మధ్యలో కాసిని ఓల్టులూ ఓములూ వస్తాయి, ఫస్టియర్ బేసిక్ ఎలక్ట్రికల్ గట్టెక్కినవాళ్ళకి చాలు. (ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం దాన్ని, నా తెలుగు ఎక్కడైనా కీచుమంటే ఎడిటర్ అక్క ఆయిల్ వేస్తుంది.)

ఇప్పుడొచ్చే మామూలు చిన్న కారులో కూడా కంప్యూటర్లు బోలెడు. ఇంజిన్‌కొకటి, ఏబీఎస్ బ్రేకులకొకటి, పవర్ స్టీరింగ్‌కొకటి, ఎయిర్‌బ్యాగులకొకటి, మీటర్ బోర్డుకొకటి, డోర్లూ లైట్లూ చూసుకునేదొకటి. ప్రతిదాని నుంచి ప్రతిదానికీ విడిగా వైరు లాగుతూ పోతే కారు నిండా రాగే ఉంటుంది. అందుకని బాష్ కంపెనీ 1983లో మొదలుపెట్టి 1986లో డెట్రాయిట్‌లో జరిగిన ఎస్ఏఈ కాంగ్రెస్‌లో బయటపెట్టిన పద్ధతి క్యాన్, అంటే కంట్రోలర్ ఏరియా నెట్‌వర్క్. రెండే వైర్లు, జడలా మెలేసి ఉంటాయి. ఒకటి హై, ఒకటి లో. అందరూ ఆ రెండింటికే తగులుకుని ఉంటారు.

హాస్టల్ వాట్సాప్ గ్రూపుని ఊహించుకోండి. కాకపోతే ఇందులో పంపినవాడి పేరు కనపడదు, ఎవరికి పంపాడో కూడా ఉండదు. మెసేజ్ ముందు ఒక నంబర్ ఉంటుంది, ఇది చక్రాల వేగం సంగతి, ఇది ఇంజిన్ వేడి సంగతి అని చెప్పడానికి. దాని వెనక మహా అయితే 8 బైట్ల సమాచారం. కావలసినవాడు చదువుకుంటాడు, అక్కర్లేనివాడు వదిలేస్తాడు. చాలా కార్లలో చక్రాల వేగం చెప్పేది ఏబీఎస్ కంప్యూటరే. అది చూసే మీటర్ బోర్డు ముల్లు కదుపుతుంది, అది చూసే స్టీరింగ్ ఎంత సాయం చెయ్యాలో తేల్చుకుంటుంది.

ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే? ఈథర్‌నెట్ కథ మనకి తెలుసు: గుద్దుకుంటారు, ఇద్దరూ ఆగి, ఏదో ర్యాండమ్ టైము తీసి, మళ్ళీ ప్రయత్నిస్తారు. బ్రేకుల దగ్గర లాటరీలు కుదరవు కదా. క్యాన్‌లో సున్నా బిట్టు ఒకటి బిట్టుని నొక్కేస్తుంది. ఇద్దరూ తమ నంబర్‌ని బిట్టు బిట్టుగా పలుకుతూనే వైరుని వింటుంటారు. తను ఒకటి అన్నప్పుడు వైరు మీద సున్నా వినిపిస్తే, "సరే, నువ్వు కానీ" అని తగ్గిపోతారు. చిన్న నంబర్ ఉన్న మెసేజ్ ఒక్క బిట్టు కూడా పాడవకుండా ముందుకెళ్ళిపోతుంది. నేను చదివినంతలో ఇంత మర్యాదగల ప్రోటోకాల్ ఇంకోటి లేదు. మా సిలబస్‌లో దీని మీద ఒక్క లైను కూడా లేదు. టోకెన్ రింగ్ మీద మాత్రం ఎనిమిది మార్కుల ప్రశ్న వచ్చింది!

ఇంకో ముచ్చట చెప్పాలి. ప్రతి కంప్యూటర్ లోపల తప్పుల లెక్కలు నడుస్తుంటాయి. పంపిన మెసేజ్ చెడిపోతే పంపే లెక్కకి 8 కలుస్తాయి, సరిగ్గా వెళ్తే 1 తగ్గుతుంది. లెక్క 127 దాటితే గట్టిగా అభ్యంతరం చెప్పే హక్కు పోతుంది. 255 దాటితే తనంతట తనే గ్రూపులోంచి బయటికెళ్ళిపోతుంది, దాన్ని బస్ ఆఫ్ అంటారు. సున్నా నుంచి మొదలైతే వరుసగా 32 సార్లు చెడితే చాలు. సెకనుకి 5 లక్షల బిట్లు పరిగెత్తే బస్ మీద ఇది రెప్పపాటులో అయిపోతుంది. దీనికో మినహాయింపుంది, నాకు భలే నచ్చింది. వైరు తెగి ఒంటరిగా మిగిలిపోయి, "అందింది" అని జవాబిచ్చేవాళ్ళే లేక విఫలమవుతున్న కంప్యూటర్ బస్ ఆఫ్‌లోకి పోదు. 127 దాటాక ఆ కారణంతో లెక్క పెరగదు. వినేవాళ్ళు లేకపోవడం పలికేవాడి తప్పు కాదని రాసిపెట్టారన్నమాట. అది అలా పిలుస్తూనే ఉంటుంది.

ఇక కోడ్‌ల దగ్గరకొద్దాం. మొదటి అక్షరం చూస్తే ఏ కుటుంబమో తెలుస్తుంది. పీ అంటే ఇంజిన్, గేర్లు. సీ అంటే చాసిస్, బీ అంటే బాడీ, యూ అంటే నెట్‌వర్క్. యూ 0100 అంటే ఇంజిన్ కంప్యూటర్‌తో మాట ఆగిపోయింది. యూ 0121 అంటే ఏబీఎస్‌తో, యూ 0155 అంటే మీటర్ బోర్డుతో. వాక్యాన్ని ఒకసారి జాగ్రత్తగా చదవండి. "పాడైంది" అని ఎక్కడా లేదు. మాట ఆగిపోయిందనే ఉంది.

మాట ఎందుకు ఆగుతుంది? ప్రతి 10 మిల్లీసెకన్లకో 20కో రావలసిన మెసేజ్ కాసేపు రాకపోతే వినేవాడు కోడ్ రాసిపెట్టుకుంటాడు. పంపేవాడు నిజంగా చచ్చిపోయాడా, వాడికి కరెంటు అందలేదా, ఎర్త్ తెగిందా, దారిలో వైరు ఎలక కొరికిందా, బస్ ఆఫ్‌లోకి వెళ్ళాడా, ఇవన్నీ వినేవాడికి ఒకేలా కనపడతాయి. డిస్ట్రిబ్యూటెడ్ సిస్టమ్స్ ఎలక్టివ్ తీసుకున్న సీనియర్లని అడగండి, మొదటి వారంలో చెప్పేది ఇదే: జవాబు రాకపోతే సర్వర్ పోయిందో కేబుల్ పోయిందో క్లయింట్‌కి తెలిసే దారి లేదు. ఇది తెలిసి కూడా "యూ 0121, కాబట్టి ఏబీఎస్ యూనిట్ మార్చండి" అనడమంటే, ఫోన్ ఎత్తలేదని మనిషికి దినం పెట్టేయడమే.

మా మావయ్యకి బెజవాడ ఆటోనగర్‌లో ఎలక్ట్రికల్ షెడ్డు ఉంది. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలు మునిగినప్పుడు నీళ్ళలో నానిన కార్లు వరసగా వచ్చాయి. అవి సులువైనవట, ఏం జరిగిందో కళ్ళముందే ఉంది కాబట్టి. కష్టపెట్టేవి మూడు నాలుగు నెలల తర్వాత వచ్చినవి. కప్లర్ల సందుల్లో నిలిచిన తడి మెల్లగా చిలుము పడుతుంది. ఓ రోజు పనిచేస్తాయి, ఓ రోజు చెయ్యవు.

సంక్రాంతి సెలవుల్లో నేను షెడ్డులో ఉండగా వచ్చింది అలాంటిదే. బండి స్టార్టవుతుంది, నిలబడి ఉన్నంతసేపూ ఏ పేచీ లేదు. వీధి చివరకి వెళ్ళేసరికి ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు వెలుగుతాయి, స్పీడ్ ముల్లు సున్నాకి పడిపోతుంది, స్టీరింగ్ ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఆపి మళ్ళీ ఆన్ చేస్తే మామూలే. ఆయన రోజూ పిల్లల్ని ఎక్కించుకుని వారధి దాటి వెళ్తాడు. ఒక సర్వీస్ సెంటర్‌లో స్కాన్ చేసి ఏబీఎస్ యూనిట్ మొత్తం మార్చాలని 46 వేలకి ఎస్టిమేట్ ఇచ్చారు. పేరు అనవసరం, ఆ ఒక్క చోట ఉన్న జబ్బు కాదిది.

మావయ్య కోడ్‌లు చూసిన పద్ధతి వేరు. పార్టు పేరు వెతకలేదు, ఎవరు ఎవరి మీద చాడీ చెప్పారో చూశాడు. ఇంజిన్, స్టీరింగ్, మీటర్ బోర్డు ముగ్గురిదీ ఒకే మాట, ఏబీఎస్ పలకట్లేదని. ఆ ముగ్గురిలో ఒకరి మీద ఒకరికి ఫిర్యాదు లేదు. అంటే మెయిన్ లైను బాగానే ఉంది, తంటా ఏబీఎస్ కొమ్మలోనే ఉంది. బండి నిలబడి ఉన్నప్పుడు స్కానర్ ఏబీఎస్ లోపలికీ వెళ్ళగలిగింది. అందులో తక్కువ ఓల్టేజ్ అనే కోడ్ ఒకటి ఉంది. "చూశావా అమ్మాయ్, వీడు మాట్లాడట్లేదని ఊరంతా చెప్తోంది. వీడేమో నాకు అన్నం పెట్టలేదంటున్నాడు," అన్నాడు. ఊరంతా చెప్పిన మాట విని మనిషిని మార్చేద్దామన్నారు, వాడు చెప్పినదాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

మరి కదిలాకే ఎందుకు? చాలా కార్లలో ఏబీఎస్ తన పంపు మోటారుని బండి కదిలిన కాసేపటికి ఒక్క క్షణం తిప్పి చూసుకుంటుంది. చెవి పెడితే గుర్రుమని వినిపిస్తుంది. ఆ మోటారు గభాల్న చాలా కరెంటు లాగుతుంది. ఈ కారులో మోటారుకీ కంప్యూటర్‌కీ ఎర్త్ ఒకే బోల్టు మీద పోతోంది.

ఇక్కడే కొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు అన్నిటికన్నా విలువైన పాఠం ఇదే. ఎర్త్ వైరుని మల్టీమీటర్‌తో కంటిన్యుటీ చూస్తే చక్కగా బీప్ అంది. చాలామంది అక్కడితో టిక్కు పెట్టేస్తారు. బీప్ కోసం మీటరు పంపేది మిల్లీఆంపుల్లో కరెంటు. వైరులో ఇరవై పోగులకి ఒక్క పోగు మిగిలినా దానికి దారి దొరికిపోతుంది. సైకిల్ పోయిందని వంతెన గట్టిదనుకుని లారీ తోలినట్టు ఉంటుంది. మావయ్య మీటరుని ఓల్టులకి తిప్పి, ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకోటి ఏబీఎస్ కప్లర్ వెనక నుంచి ఎర్త్ పిన్ను మీద పెట్టమని నాకిచ్చాడు. స్కానర్‌తో పంపు తిప్పించాడు. రెండు చోట్లా ఎర్తే కాబట్టి తేడా సున్నాకి దగ్గరగా ఉండాలి. పంపు తిరగ్గానే మీటరు 3 దాటింది, ఆ వెంటనే స్కానర్ తెర మీంచి ఏబీఎస్ మాయమైంది. బ్యాటరీ 12 ఓల్టులైతే దానికి అందేది 9 కూడా లేదు. అందుకే రీసెట్ అయిపోతోంది. అది రీసెట్ అయ్యేలోపు మిగతా ముగ్గురూ కోడ్ రాసేసుకుంటున్నారు.

వైరు వెంట పోతే బ్యాటరీ ట్రే కింద బాడీకి బిగించిన బోల్టు, దాని కింద పచ్చగా చిలుము. విప్పి, ఎమెరీ పేపర్‌తో గీకి, కొత్త థింబుల్ నొక్కి, గ్రీజు రాసి బిగించాడు. మళ్ళీ పంపు తిప్పితే 0.1 ఓల్టు లోపే. తీసుకున్నది 800. ఎస్టిమేట్ ప్రకారం 46 వేల కొత్త యూనిట్ వేసినా అదే బోల్టు మీద కూర్చునేది, అదే వీధి చివర మళ్ళీ పడిపోయేది. అప్పుడు "వైరింగ్ మొత్తం మార్చాలి సార్" అనేవారేమో.

పేరులో అరవై ఓములు పెట్టాను కాబట్టి ఆ మాట కూడా చెప్పాలి. క్యాన్ లైనుకి రెండు కొసల్లో చెరో 120 ఓముల రెసిస్టర్ ఉంటుంది, కొసకి వెళ్ళిన సిగ్నల్ గోడకి కొట్టిన బంతిలా తిరిగి రాకుండా. రెండూ ప్యారలల్‌లో కాబట్టి కొలిస్తే 60. బ్యాటరీ టెర్మినల్ తీసేసి, స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో 6కీ 14కీ మధ్య కొలుస్తారు. 120 వస్తే ఒక కొస తెగిపోయింది. సున్నాకి దగ్గరగా వస్తే రెండు వైర్లూ ఎక్కడో అంటుకున్నాయి. 40 వస్తే ఎవరో మూడో రెసిస్టర్ ఉన్న వస్తువు తగిలించారు. మనదగ్గర స్టీరియో, రివర్స్ కెమెరా బిగించేవాళ్ళు వైరు గీరి టేపు చుట్టే తీరు చూస్తే ఏదైనా రావచ్చు. "60 వస్తే నెట్‌వర్క్ ఫస్ట్‌క్లాస్" అని వీడియోల్లో చెప్పేవాళ్ళున్నారు, అంత తేలిక కాదు. ఒక్క వైరు బాడీకి తగిలి ఎర్త్ అయిపోయినా ఈ రెండింటి మధ్య 60 అలాగే ఉంటుంది. అందుకని బ్యాటరీ పెట్టి ఓల్టులూ చూడాలి: హై రెండున్నరకి కాస్త పైన, లో కాస్త కింద, కలిపితే 5కి దగ్గర. పైగా కొత్త కార్లలో సాకెట్‌కీ లోపలి లైన్లకీ మధ్య గేట్‌వే ఉంటుంది, అప్పుడు సాకెట్ దగ్గర కొలిచింది లోపలి లైను గురించి ఏమీ చెప్పదు. మావయ్య కారులో కూడా 60 సరిగ్గానే ఉంది, ఓల్టులూ సరిగ్గానే ఉన్నాయి. బోల్టు మాత్రం బాగాలేదు.

ఇంత తెలిసిన మనిషికి లేనిదేంటంటే, వైరింగ్ డయాగ్రమ్. ఏ పిన్నుకి ఏ వైరు, ఏ ఎర్త్ ఏ బోల్టు మీదకి పోతుంది అనే కాగితం. ఆయన దగ్గరున్నది ఎవరో ఫార్వర్డ్ చేసిన మసక పీడీఎఫ్, అదీ పాత మోడల్‌ది. ఆ రోజు బోల్టు దొరకడానికి పట్టిన రెండు గంటల్లో గంటన్నర వైరుని చేత్తో తడుముకుంటూ పోవడానికే సరిపోయింది. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని మావాళ్ళు గొప్పగా చెప్పుకునే ఆటోనగర్ పరిస్థితి ఇది.

ఇది కొత్త తగాదా కాదు. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్ల పైచిలుకు జరిమానా వేసింది. స్పేర్ పార్టులూ డయాగ్నస్టిక్ పరికరాలూ బయటి మెకానిక్‌లకి అందకుండా చేస్తున్నారన్నది అందులో ముఖ్యమైన ఆరోపణ. తర్వాత అప్పీళ్ళూ కోర్టులూ. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రిపేరు హక్కు మీద కమిటీ వేసింది, అందులో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది. షెడ్డు దాకా మాత్రం ఇంకా కాగితం రాలేదు.

మా క్లాసులో సెక్యూరిటీ పిచ్చి ఉన్న ఫ్రెండ్ ఒకడు దీనికి అడ్డుపడతాడు. వాడి వాదనలో పస లేకపోలేదు. క్యాన్‌లో పంపినవాడి పేరే ఉండదన్నాను కదా, అంటే లోపలికి దూరినవాడు ఎవరి గొంతుతోనైనా మాట్లాడొచ్చు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ అనే ఇద్దరు హైవే మీద పోతున్న జీప్ చెరొకీని ఇంటర్నెట్ మీంచి లొంగదీసుకుని చూపించాక ఆ కంపెనీ 14 లక్షల బళ్ళకి రీకాల్ ప్రకటించింది. ఆ తర్వాత 2018 మోడళ్ళ నుంచి సెక్యూర్ గేట్‌వే అనే తాళం వేసింది. "మీ మావయ్య స్కానర్‌కి దారిస్తే దొంగకీ ఇచ్చినట్టే" అంటాడు వాడు.

నేనొప్పుకోను. వినడం వేరు, ఆజ్ఞ ఇవ్వడం వేరు. కోడ్‌లు చదవడానికీ, వైరింగ్ కాగితం ఇవ్వడానికీ తాళం ఎందుకు? ఏ ఎర్త్ ఏ బోల్టుకి పోతుందో తెలిస్తే ఇంటర్నెట్ దొంగకి ఒరిగేదేమీ లేదు. పంపు తిప్పమనడం మాత్రం నిజంగానే ఆజ్ఞే, దానికి తాళం ఉండనివ్వండి. తాళంచెవి షోరూమ్ దగ్గర మాత్రమే ఉండాలనడంతోనే నాకు పేచీ. అమెరికాలో అదే కంపెనీ బళ్ళకి బయటి మెకానిక్‌లు పేరు నమోదు చేసుకుని, డబ్బు కట్టి, తమ స్కానర్‌తోనే తాళం తీసుకునే ఏర్పాటు ఉంది. ఎవరు తీశారో రికార్డు ఉంటుంది. అది కదా అసలు అథెంటికేషన్ అంటే! తలుపుకి గోడ కట్టేసి దాన్ని సెక్యూరిటీ అంటే మన ప్రొఫెసర్ మార్కులు వేస్తారా?

"ఇంకెంత, ఏఐ చెప్పేస్తుంది" అనేవాళ్ళు కూడా ఉన్నారు. చెప్తుంది, కోడ్ నంబర్ ఇస్తే సాధ్యమైన కారణాల జాబితా బాగానే ఇస్తుంది. ప్రోబు పట్టుకుని బోల్టు దగ్గర కూర్చునేది ఎవరన్నదే ప్రశ్న.

మనం చెయ్యగలిగింది రెండు పనులు. ఒకటి నేర్చుకోవడం. మీ ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉంటే కారు కూడా అక్కర్లేదు. సాకెట్‌క్యాన్ అని కెర్నల్‌లోనే 2008 నుంచి ఉంది, ఫోక్స్‌వ్యాగన్ రీసెర్చ్ వాళ్ళు ఇచ్చింది. వర్చువల్ క్యాన్ ఒకటి లేపి, క్యాన్‌డంప్ అనే చిన్న టూల్‌తో వినొచ్చు, క్యాన్‌సెండ్‌తో పంపొచ్చు, వైర్‌షార్క్‌లో కూడా చూడొచ్చు. ల్యాబ్‌లో పింగ్ కొట్టి రికార్డు రాసుకునే బదులు ఒక్క సెషన్ దీనికిస్తే తప్పేంటని హెచ్ఓడీ సార్‌ని అడగాలనుంది. వర్చువల్ క్యాన్‌లో చిలుము పట్టదు గానీ, మొదలుపెట్టడానికి అది చాలు.

రెండోది మన క్లబ్బు పని. ఈ పరీక్షలు ఏ వరసలో చెయ్యాలో తెలుగులో నాలుగు పేజీలు, బొమ్మలతో. అనువాద తెలుగు వద్దు, "భూసంధానం" అని రాస్తే ఆటోనగర్‌లో ఎవరూ చదవరు. అక్కడ ఎర్త్ అంటారు, కప్లర్ అంటారు, మీటర్ అంటారు, సెల్ఫ్ అంటారు, అవే రాద్దాం. షెడ్డులో పదో తరగతి ఆపేసి పనికొచ్చిన కుర్రాళ్ళు ముగ్గురున్నారు. చేతి పనిలో నేను వాళ్ళ ముందు నిలబడలేను. ఇంగ్లీష్‌లో ఉన్న సర్వీస్ మాన్యువల్ మాత్రం వాళ్ళు తెరవరు, నేను తెరుస్తాను. పదమూడేళ్ళ ఇంగ్లీష్ మీడియానికి ఇంతకన్నా మంచి ఉపయోగం నాకైతే తట్టలేదు.

మొదటి పేజీ రాశాను: కోడ్‌లు చెరిపేసే ముందు ఎవరు ఎవరి మీద చెప్పారో కాగితం మీద గళ్ళు గీసి రాసుకోవడం. రెండో పేజీ ఓల్టేజ్ డ్రాప్ గురించి. ఈసీఈ వాళ్ళలో ఆసిలోస్కోప్ మీద చెయ్యి తిరిగినవాళ్ళు ఒకరు కావాలి, మూడో పేజీలో బాగున్న సిగ్నల్ పక్కన చెడిన సిగ్నల్ బొమ్మ పెట్టాలి. టెర్మినేషన్ రెసిస్టర్‌కి ఏం రాయాలో ఇంకా తేలలేదు. మావయ్య "కొస రెసిస్టెన్సు" అంటాడు, షెడ్డులో పెద్ద కుర్రాడు "నూటిరవై" అంటాడు. ప్రస్తుతానికి నూటిరవై అనే రాశాను.